ముందు చక్రం మూలుగు

పని మానేసినవాళ్ళు సాధారణంగా రాసుకునే సంగతులు నా దగ్గర లేవు. ఆత్మకూరు బస్టాండు పక్క రేకుల షెడ్డులో చేరినప్పుడు మెకానిక్కును, మానేసినప్పుడూ మెకానిక్కునే. మధ్యలో పెరిగింది పొట్ట ఒక్కటే. యాభై నిండకుండానే ఇంట్లో కూర్చున్నాను. చేతులు బాగున్నాయి, కళ్ళు బాగున్నాయి, చెవులు పోయాయి. కళ్ళు పోయిన మెకానిక్కు తడుముకుంటూనైనా బండి విప్పగలడు. చెవులు పోయినవాడికి ఎక్కడ విప్పాలో తెలియదు, అందుకని అంతా విప్పుతాడు. అట్లా ఒక బస్సును పూర్తిగా విప్పేసిన రోజున నేనే స్పానరు కింద పెట్టి ఇంటికొచ్చాను.

మా వైపు నన్ను కోతల సుబ్బయ్య అంటారు. కాబట్టి ఇందులో కోతలుంటాయి. అవి ఎక్కడున్నాయో మీరే వెతుక్కోండి. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు అది మంచి అలవాటు.

చప్పుడును బట్టి జబ్బు కనుక్కోవడం ఎవరైనా నేర్పగలరు. కనుక్కున్నదాన్ని ఎదుటివాడిచేత నమ్మించడం మాత్రం నాకెవరూ నేర్పలేదు. ఈ పనిలో సగం దుఃఖం అక్కడే ఉంది. మిగతా సగం బండి కింద ఉంటుంది.

రోడ్డుతో వినడం

షెడ్డు ఖాదర్ మేస్త్రీది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచినప్పుడు, ఆ దగ్గే బస్సులను బతికించిన మనిషి. మంచి గురువని చెప్పను. కోపమొస్తే చేతిలో ఏముంటే అది విసిరేవాడు. విసిరినదాన్ని మనమే తెచ్చి ఇవ్వాలి. కానీ వినడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

"చెవితో వినబాకరా, రోడ్డుతో విను" అనేవాడు.

ముందు చక్రంలో ఏదో చప్పుడని ఎవరైనా వస్తే ఆయన పనిముట్లు ముట్టుకునేవాడు కాదు. ముందు బండెక్కేవాడు. కంకర రోడ్డు మీద కొంత దూరం, తర్వాత ఏటి వైపు మెత్తటి మట్టిదారిలో కొంత దూరం నడిపించేవాడు. దారి మారగానే చప్పుడూ మారిందంటే అది టైరు. బ్రేకు మీద కాలు ఆనించగానే ఆగిపోయిందంటే బ్రేకు. ఏ దారిలోనైనా ఒకటే మూలుగు, వేగంతోపాటు పెరుగుతూ, ఎడమకు తిప్పితే హెచ్చి కుడికి తిప్పితే తగ్గిందంటే, కుడి చక్రం బేరింగు. బండి ఎడమకు తిరిగేటప్పుడు బరువంతా కుడి చక్రం మీద పడుతుంది. బరువు పడ్డవాడే కదా మూలిగేది.

ఆ తర్వాతే జాకీ. చక్రాన్ని గాలిలోకి లేపి, చేత్తో తిప్పి, స్క్రూడ్రైవరు మొనను ఇరుసు దగ్గర ఆనించి పిడిని చెవికి పెట్టుకోవాలి. లోపల గుండ్లు నున్నగా ఉంటే వాన దూరంగా పడుతున్నట్టుంటుంది. గాయపడి ఉంటే ఎవరో ఇసక నములుతున్నట్టుంటుంది.

మేస్త్రీ నేర్పిన ఇంకో సంగతి ఉంది. అది నాకు అప్పుడు నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

"జబ్బేందో చెప్పు, అది ఎందుకొచ్చిందో చెప్పబాక. ఎందుకొచ్చిందో చెప్తే ఎవడో ఒకడి కూడు పోతాది."

కీచురాయి

దేవదానం కథకు ముందు కీచురాయి కథ చెప్పాలి. నా పేరు ముందు 'కోతల' వచ్చి చేరింది దానివల్లే.

సంగం నుంచి ఒక రైతు కారు తెచ్చాడు. కాలవ కింద వరి పండించే ఆసామి, తెల్లటి పంచె, తెల్లటి మీసం.

"ముందు చక్రం కీచుమంటాంది అబ్బయ్యా" అన్నాడు.

"ఎప్పుడు రెడ్డే? పోయేటప్పుడా, తిప్పేటప్పుడా?"

"పోయేటప్పుడు లేదు. ఆగినప్పుడు."

"ఆపేటప్పుడా? అయితే బ్రేకు."

"ఆపేటప్పుడు కాదయ్యా, ఆగినాక. ఆగి, ఇంజను కట్టేసి, నేను చుట్ట ముట్టించుకున్నాక అరస్తాది."

మేస్త్రీ ఆయన ముఖం వంక చూసి, నన్ను చూసి, టీ తాగడానికి పోయాడు. నేను చక్రం విప్పాను. బ్రేకు డ్రమ్ము వెనక రేకు సందులో ఒక కీచురాయి కాపురముంది. బండి కదిలినంతసేపూ భయపడి ఊరుకుంటుంది, ఆగగానే మొదలెడుతుంది. దాన్ని పట్టి అగ్గిపెట్టెలో పెట్టి రెడ్డి చేతికిచ్చాను. "ఇదేనయ్యా మీ చప్పుడు, ఇంటికి తీసకపోండి" అన్నాను.

ఇది జరిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కానీ ఈ కథ దుత్తలూరు చేరేసరికి కీచురాయి కాస్తా కప్ప అయింది. కొండాపురం చేరేసరికి పాము అయింది, పాము తలమీద మణి కూడా వచ్చింది. అవన్నీ నేనే చెప్పినట్టు జనం నా దగ్గరికొచ్చి నవ్వేవాళ్ళు. నాకూ సరదాగానే ఉండేది. నేనూ మణి రంగు ఏమిటో చెప్పేవాణ్ణి.

ఉదయగిరి కారు

ఉదయగిరిలో రోడ్ల కాంట్రాక్టు చేసే ఓబుల్ రెడ్డి ఒకడుండేవాడు. యుద్ధం ముగిశాక మద్రాసులో మిలటరీ సామాను వేలం వేస్తే ఒక కారు పాడుకుని తెచ్చుకున్నాడు. దాన్ని నడపడానికి దేవదానాన్ని పెట్టుకున్నాడు. అతను ఊరి బయట, మిషను బడి వెనకాల ఉన్న పాలెం మనిషి. అంతకుముందు రెడ్డి దగ్గరే ఎద్దుల బండి తోలి కంకర చేరవేసేవాడు. ఆ కొండదారుల్లో ప్రతి మలుపూ అతనికి తెలుసు. అందుకే రెడ్డి, మిలటరీ నుంచి తిరిగొచ్చిన ఒకతని చేత నేర్పించి, స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు.

ఆ పాలెం నుంచి స్టీరింగు పట్టినవాడు దేవదానమే మొదట. ఆదివారం ప్రార్థన అయ్యాక పెద్దవాళ్ళు కారు చుట్టూ చేరేవాళ్ళు. తాకేవాళ్ళు కాదు, ఊరికే చూసేవాళ్ళు. దేవదానం చొక్కా బొత్తాలు మెడదాకా పెట్టుకుని అద్దం తుడుస్తూ నిలబడేవాడట. ఊళ్ళో కొందరు మాత్రం ఎదురుచూస్తూ ఉండేవాళ్ళు. ఎప్పుడో ఒకప్పుడు గుద్దుతాడు, అప్పుడు చెప్దామని. అతను గుద్దితే అతనొక్కడి పనే పోదు. ఆ పాలెంలో ఇంకెవరికీ ఆ సీటు దక్కదు. ఆ సంగతి దేవదానానికి అందరికంటే బాగా తెలుసు.

ఒక రోజు ఆ కారు మా షెడ్డు ముందు ఆగింది. రెడ్డి దిగుతూనే, "ముందు చక్రం మూలగతాంది. ఆఫీసర్లు ఎక్కినప్పుడు నా పరువు పోతాంది. చూడు" అన్నాడు.

దేవదానం దిగకుండానే, "చప్పుడేమీ లేదన్నా. రోడ్డు బాగలేదు, అంతే" అన్నాడు.

కొత్తగా వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. యజమాని చప్పుడు ఉందని, డ్రైవరు లేదని అంటే, చప్పుడు ఎక్కడుందో డ్రైవరుకు తెలుసు.

రెడ్డి కాఫీ హోటలుకు పోయాడు. నేను దేవదానం పక్కన కూర్చుని సంగం రోడ్డు మీదికి పోనిమ్మన్నాను. కంకర మీదా అదే మూలుగు, మట్టి మీదా అదే. ఎడమ మలుపులో హెచ్చింది, కుడి మలుపులో తగ్గింది. షెడ్డుకొచ్చి కుడి చక్రం లేపి, మధ్యలో ఉండే చిన్న మూత ఊడదీశాను.

లోపల గ్రీజు లేదు. నల్లటి ముద్ద ఉంది. వేలితో తీసి వాసన చూస్తే ఆముదం.

కందెన

మీలో కొందరికి తెలియకపోవచ్చు. ఎద్దుల బండి ఇరుసుకు కందెన పెడతారు. వరిగడ్డి కాల్చి, ఆ మసిని, బూడిదను ఆముదంలో కలిపి నూరితే కందెన. మా మెట్టప్రాంతంలో పుట్టినవాడికి ఇది తల్లిపాలతోపాటే తెలుసు. బండి కిర్రుమంటే కందెన, తలుపు కిర్రుమంటే కందెన. అవి అన్నిటికీ రేషను పెట్టిన కంట్రోలు రోజులు. గ్రీజు ఉదయగిరిలో దొరికేది కాదు. చక్రం మూలిగింది, దేవదానం తనకు తెలిసిన వైద్యం చేశాడు. ప్రేమతో చేశాడు. వారం వారం మూత తీసి, ఎద్దులకు మేత పెట్టినట్టు పెట్టాడు.

నా చేతిలో ముద్ద చూడగానే అతని ముఖం మారిపోయింది.

"రెడ్డికి చెప్పబాకన్నా. నీ కాళ్ళు మొక్కతా. బండోడు బండోడి పనే చేసినాడంటారు."

"చెప్పనులేరా. కానీ ఇంకెప్పుడూ ఇది పెట్టబాక. ఇందులో బూడిద ఉండాది. ఈ గుండ్లు అద్దం మాదిరి ఉంటాయి. బూడిద వాటిని గీకి గీకి తినేస్తాది."

అతను నా వంక చూశాడు. భయం పోయి నవ్వొచ్చింది.

"బూడిద ఇనుమును తింటాదా అన్నా?"

"తింటాది."

"మా నాయన కందెన పెట్టినాడు, మా తాత పెట్టినాడు. ఇరుసు ఇనుముదే, చక్రంలో తొడిగిన గొట్టమూ ఇనుముదే. ఎప్పుడూ తినలేదే! నీ కీచురాయి కత మాదిరే ఉండాదే ఇది."

"ఒరే, ఆ ఇరుసు వేరు, ఈ బేరింగు వేరు. అది మెల్లగా తిరిగే మొద్దు ఇనుము. ఇది..."

"సరే అన్నా, సరే. మణి ఏ రంగులో ఉండాదో కూడా చెప్పు."

అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. మూడు తరాల అనుభవం అతని పక్కనుంది. నా పక్కన కోతల సుబ్బయ్య అనే నేనొక్కణ్ణే ఉన్నాను.

గుండ్లు కిరసనాయిలులో కడిగి చూశాను. గీతలు పడి ఉన్నాయి. కొత్త బేరింగు మద్రాసు నుంచి రావాలి. అంతలో రెడ్డి కాఫీ తాగి వచ్చాడు.

"ఏందిది? ఎందుకొచ్చింది?"

దేవదానం కారు అవతల నిలబడి ఉన్నాడు. అతని తలపాగా మాత్రమే కనిపిస్తోంది, అది కదలడం లేదు.

"మిలటరీ కారు కదా రెడ్డే" అన్నాను. "ఏ ఎడారిలోనో యుద్ధం చేసినట్టుండాది. లోపల ఆ దేశం ఇసక ఇంకా ఉండాది. అదే గుండ్లను తినేసింది."

ఓబుల్ రెడ్డి ముఖం వెలిగిపోయింది. "అట్నా! నేను అనుకుంటానే ఉండా. దాని నడకే వేరు" అన్నాడు. ఆ తర్వాత ఉదయగిరిలో తన కారు ఎడారి యుద్ధంలో గుండ్ల వానలో ఎట్లా పోయిందో వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడట.

వాళ్ళు పోయాక ఖాదర్ మేస్త్రీ బీడీ ముట్టించి, "చూసినావా సుబ్బయ్యా! నీ అబద్ధానికి గిరాకీ ఉండాది, నీ నిజానికి లేదు" అన్నాడు.

చప్పుడు ఆగింది

బేరింగు వచ్చేదాకా నెమ్మదిగా నడపమని, మా దగ్గరున్న గ్రీజు ఒక డబ్బాలో పెట్టి పంపాను. డబ్బా ఎన్నాళ్ళొస్తుంది? అది అయిపోయింది, మూలుగు మళ్ళీ మొదలైంది. కారులో ఎవరో ఆఫీసరు ఎక్కి, "ఏమిటయ్యా ఈ ఏడుపు?" అన్నాడట. రెడ్డి దేవదానం మీద అరిచాడు. దేవదానం మళ్ళీ కందెన నూరాడు. ఈసారి చిక్కగా నూరి, పట్టినంత కూరాడు.

మూలుగు ఆగిపోయింది.

ఉదయగిరి బస్సు డ్రైవరు మా షెడ్డు ముందు ఆగి, "సుబ్బయ్యా, రెడ్డి కారు బాగయిపోయిందంట. బేరింగు అక్కర్లేదని చెప్పమన్నాడు" అన్నాడు.

"ఎట్టా బాగయింది?"

"దేవదానం ఏదో చేసినాడంట. పిల్లి మాదిరి పోతాందిలే."

అరిగిన బేరింగు తనంతట తాను ఊరుకోదు. లోపల మందమైన ముద్ద కూరితే చప్పుడు మునిగిపోతుంది, అరుగుదల మాత్రం ఆగదు. మూలుగుతున్నంతకాలం ఆ చక్రం మనతో మాట్లాడుతున్నట్టే లెక్క. దాని నోరు మూసేశారు.

"దేవదానానికి ఒక మాట చెప్పు" అన్నాను. "చప్పుడు ఆగితే ఇంకా చెడ్డ. కారు కదలనీయవద్దను. చక్రం విప్పి నాకు పంపమను."

బస్సు డ్రైవరు మంచివాడే, మాట మోసుకుపోయాడు. కానీ దుత్తలూరులో బస్సు ఆగినప్పుడు దాన్ని నలుగురికీ చెప్పాడు. "చప్పుడొస్తే జబ్బంట! రాకపోతే ఇంకా పెద్ద జబ్బంట! కోతల సుబ్బయ్య ఎట్టయినా డబ్బు గుంజాలని చూస్తాండాడబ్బా!" అని అక్కడివాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారట. ఉదయగిరి చేరేసరికి ఆ మాట హెచ్చరికగా లేదు, సామెతగా ఉంది. దేవదానం కూడా నవ్వాడట. నిశ్శబ్దంగా పోతున్న బండిలో కూర్చున్నవాడు ఇంకేం చేస్తాడు?

ఎద్దులతో వచ్చిన కారు

ఆత్మకూరు ఇంకా ఆమడ దూరం ఉందనగా, దిగుడులో, కల్వర్టు దగ్గర రెడ్డి కారు కుడి ముందు చక్రం తిరగకుండా పట్టేసింది, కారు కల్వర్టు గోడకు గుద్దుకుంది. గుండ్లు కరిగి ఇరుసుకు అతుక్కుపోయాయి. వెనక కూర్చున్న ఓబుల్ రెడ్డికి భుజం ఎముక విరిగింది. దేవదానానికి నుదురు చిట్లింది. ఎవరూ చావలేదు. అదొక్కటే మంచి, దాన్నీ మంచిగా ఉండనివ్వలేదు.

మర్నాడు కారు మా షెడ్డుకు వచ్చింది. పక్క ఊళ్ళో ఎద్దుల బండి అడిగి తెచ్చి, కారు ముందుభాగాన్ని బండి వెనకకు ఎత్తి కట్టారు. ముందు ఎడ్లను పట్టుకుని నడుస్తున్నది దేవదానమే. నుదుటికి తలపాగా గుడ్డ చుట్టుకున్నాడు. బండి ఇరుసుకు ఎవరో బాగా కందెన పెట్టారు. కిక్కురుమనకుండా తిరుగుతోంది. అంత నిశ్శబ్దంగా ఆ కారు మా షెడ్డుకు ఎప్పుడూ రాలేదు.

రెడ్డి చేతికి కట్టుతో బస్సులో వచ్చాడు. తన ఎదుటే చక్రం విప్పమన్నాడు. విప్పాను. మాడిన ఆముదం వాసన షెడ్డంతా నిండింది. పల్లెటూరి మనిషికి ఆ వాసన ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"కందెన!" అన్నాడు రెడ్డి. ఆగి, "ఎడారి ఇసక కాదన్నమాట" అన్నాడు నా వంక చూసి. తర్వాత దేవదానం వైపు తిరిగి, "ఎడ్లు తోలేవాణ్ణి తెచ్చి కారెక్కిస్తే ఇంతే. నాదే బుద్ధి తక్కువ" అన్నాడు.

దేవదానం ఎద్దుల మధ్య నిలబడి నేల చూస్తున్నాడు. మేస్త్రీ నోరు తెరవలేదు. ఆయన ధర్మం ఆయనది. నేను ఊరుకోలేకపోయాను.

"రెడ్డే, ఒకటి చూడండి. పట్టేసింది కుడి చక్రం. కుడి చక్రం పట్టేస్తే బండి కుడికి లాగేస్తాది. అక్కడ కుడి పక్క ఏముండాది? వాగు. మరి దెబ్బ యాడ తగిలింది? ఎడమ మడ్‌గార్డుకు. కారు తనంతట తాను ఎడమకు పోదు. ఇతను బలమంతా పెట్టి ఎడమకు గుంజి, కావాలనే ఈ పక్క కల్వర్టు గోడకు కొట్టినాడు. లేకపోతే మీరు ఇప్పుడు వాగులో ఉందురు. ఎంత గొప్ప డ్రైవరుకైనా అంతకంటే చేతకాదు."

నేను పనిచేసినన్నాళ్ళలో అంతకంటే సరైన మాట నేను చెప్పలేదు. ఒక్క అక్షరం కోత లేదు. నొక్కుకుపోయిన ఎడమ మడ్‌గార్డు అక్కడే, ఆయన కళ్ళముందే ఉంది.

"ముందు కీచురాయి" అన్నాడు రెడ్డి. "తర్వాత ఎడారి. ఇప్పుడు ఇది. ఇంక చాలించు సుబ్బయ్యా." కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు పోయాడు.

ఆ రోజు ఎడారి మాట చెప్పకుండా ఇంకేం చెప్పి ఉండాలో నాకు ఇప్పటికీ తెలియదు. నిజం చెప్పి ఉంటే దేవదానం సీటు ఆ రోజే పోయేది. అబద్ధం చెప్తే కొంచెం ఆలస్యంగా పోయింది. కొత్తవాళ్ళకు దీని గురించి ఏదైనా సలహా చెప్పాలని చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. ఏమీ తోచలేదు. మేస్త్రీ మాటే నిజమేమో. అది నిజమైతే ఈ పని చేయడంలో అర్థం ఏముందో ఆయన్నే అడగాలి, ఆయన లేడు.

రెడ్డి తర్వాత నెల్లూరు నుంచి ఎవరినో డ్రైవరుగా తెచ్చుకున్నాడు. నేను పని మానేసేనాటికి కూడా ఉదయగిరిలో ఆ పాలెం మనిషి స్టీరింగు పట్టడం చూడలేదు. ఆ పాలెం వాళ్ళెవరైనా ఆ పని అడిగితే, "దేవదానాన్ని చూడలేదా?" అనేవాళ్ళట. అక్కడితో మాట అయిపోయేది.

ఆ రోజు బండి తిరిగి ఇవ్వడానికి పోతూ దేవదానం ఎడ్లను ఆపి నా దగ్గరికొచ్చాడు. ఎద్దు మెడ గోకుతూ నిలబడ్డాడు.

"అన్నా, బూడిద నిజంగానే తినింది" అన్నాడు.

"ఊఁ."

"ఒక మాట అడగతా, నిజం చెప్పు. సంగం కారులో కీచురాయి... నిజంగా ఉండినిందా?"

"ఉండిందిరా. నా చేత్తోనే పట్టినాను."

నా కళ్ళలోకి చూశాడు. ఏదో వెతికాడు. తర్వాత ఆ రోజంతటికీ మొదటిసారి నవ్వాడు.

"పో అన్నా" అని ఎడ్లను అదిలించాడు.

చెవులు పోయినప్పటి నుంచి నాకు బయటి చప్పుళ్ళు ఏవీ వినపడవు. లోపల మాత్రం ఒక కీచురాయి చేరింది. పగలూ రాత్రీ అరుస్తూనే ఉంటుంది. సంగం రెడ్డి కారులోదైనా బండి కదిలితే ఊరుకునేది, ఇది ఎప్పుడూ ఊరుకోదు. దీన్ని పట్టి అగ్గిపెట్టెలో పెట్టి చూపించాలనిపించే మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను మళ్ళీ మా షెడ్డు వైపు రాలేదు. వచ్చినా, అగ్గిపెట్టె తెరవకముందే నవ్వుతాడు.